లోపట ఎవరున్నరో అడుగు

చచ్చిపోయినవాళ్ల మీద కోపం పెట్టుకోకూడదంటారు. నాకు మాత్రం ముందు కోపమే వచ్చింది, ఏడుపు తర్వాత వచ్చింది. అక్క పోయిందని కొడంగల్ నుంచి ఆమె తమ్ముడు ఫోన్ చేశాడు. పొద్దున తను పాఠాలు చెప్పే కాలేజీకి పోదామని తయారై, చెప్పులు వేసుకుంటూ కుర్చీలోనే ఒరిగిపోయిందట. యాభై కూడా నిండని మనిషికి అంత తొందరేం వచ్చిందని ఫోన్లోనే అతని మీద అరిచాను. పాపం, అతనేం చేస్తాడు?

ఆమె నాకు సొంత అక్క కాదు. వికారాబాద్ స్టేషన్ రోడ్డులో ఎరువుల దుకాణం మీద రెండు గదుల్లో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు ఉండేది. తాండూరు వైపు బండల పాలిషింగ్ యూనిట్లకు, కందులు కొనే కేంద్రాలకు మేం ప్రోగ్రాములు రాసిచ్చేవాళ్లం. నేను పూడూరు నుంచి బస్సులో వచ్చేదాన్ని. ఆమె మా అందరికంటే ముందు చేరిన మనిషి, ఎమ్‌సీఏ చదివింది, ఆ చదువు తనకుందని ఎవరినీ మరిచిపోనిచ్చేది కాదు. ఓనరు సారుతో సహా అందరూ అక్కా అనే పిలిచేవాళ్లం.

నోరు మంచిది కాదు. ఈ మాట చెప్పకుండా ఆమె గురించి మంచి చెబితే ఆమెకే నచ్చదు. నేను చేరిన వారంలోనే నన్ను ఏడిపించింది. మౌస్‌తో నొక్కి పని చేసేవాళ్లంటే ఆమెకు చులకన. బొమ్మలు నొక్కితే పని జరిగే ప్రోగ్రాములు ఎంత బాగున్నాయో చూపిద్దామని ఎవరైనా పిలిస్తే, "బొమ్మలు నువ్వే చూస్కో" అని వెళ్లిపోయేది. ఆ విషయంలో ఆమెది ఒట్టి మొండితనం, ఇప్పటికీ అంటాను. మధ్యాహ్నం జొన్నరొట్టెలో ఉల్లిగడ్డ పెట్టుకుని కీబోర్డు పక్కనే తినేది, మేం తింటే మాత్రం తిట్టేది. కోపం హద్దు దాటితే కన్నడం వచ్చేసేది. ఆమె పుట్టిన ఊరు కొడంగల్ అవతల, కర్ణాటక అంచున ఉంది. "సుమ్నిరు", అంటే నోరు మూసుకో, అని ఒక్క మాట అన్నదంటే గదిలో ఫ్యాను కూడా మెల్లగా తిరిగేది.

ఆమెను ఆమెగా చేసిన అలవాటు ఒకటుంది. అది చెప్పాలంటే మా పని గురించి కొంచెం చెప్పాలి.

ప్రోగ్రాములో ఎవరు ఏ మార్పు చేశారో వరసగా దాచిపెట్టే సాఫ్ట్‌వేర్ ఒకటి ఉంటుంది, గిట్ అంటారు. అందులో ఏ పనైనా మధ్యలో ఆగిపోతే, అంటే కరెంటు పోయినా, నెట్ పోయినా, మనమే భయపడి మూసేసినా, వెనకాల కొంత మిగిలిపోతుంది. ఫైళ్లు సగం కొత్తవి, సగం పాతవి అయి ఉంటాయి. వాటితో పాటు ఒక తాళం ఫైలు ఉంటుంది. లోపల ఒకరు పనిలో ఉన్నారు, ఇంకొకరు రావద్దు అని దాని అర్థం. లోపలి పని చచ్చిపోయినా ఆ తాళం ఒక్కోసారి అట్లాగే ఉండిపోయి, తర్వాత వచ్చినవాళ్లను రానివ్వదు. ఆ ఫైలు తీసిపారేయండి, పోతుంది అని నెట్‌లో పదిమందీ చెబుతారు. మేమూ మెసేజ్ కనబడగానే తీసిపారేసేవాళ్లం.

అక్క చేయనిచ్చేది కాదు. తెరమీద ఎర్ర అక్షరాలు కనబడితే చాలు, లేచి నిలబడమనేది, చేతులు వెనక్కి కట్టుకోమనేది. నిజంగానే బడిపిల్లల్లా కట్టుకోవాలి. ఆ మెసేజ్ మొత్తం పైకి చదవాలి, తర్వాత అదేమంటుందో తెలుగులో చెప్పాలి. చెప్పలేకపోతే మళ్లీ చదవాలి. అప్పుడు గాని కీబోర్డు దగ్గరికి రానిచ్చేది కాదు. తాళం గురించి అయితే ఆమె అనే మాట ఒకటే.

"ముందుగాల లోపట ఎవరున్నరో అడుగు. ఎవ్వరు లేరని తెలిసినంకనే తియ్యి."

ఫోల్డరు మొత్తం చెరిపేసి కొత్త కాపీ దించుకుందామనేవాళ్లంటే ఇంకా మంట. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకునేటోళ్లు అని పేరు పెట్టింది. సగంలో ఆగిన పనిని అట్లాగే వదిలి టీకి పోయినవాణ్ని మెట్ల మీదనుంచి వెనక్కి పిలిపించింది ఒకసారి. వాళ్ల నాయన గొర్లు కాసినవాడు. వాగు దాటించేటప్పుడు మంద సగం అటు, సగం ఇటు ఉన్నప్పుడే ప్రమాదమంతా అని ఆయన చెప్పేవాడట. అయితే అవతలికి తోలు, లేకుంటే ఇవతలికి మలుపు, వాగులో మాత్రం నిలబెట్టకు. ఈ మాట ఆమె నోట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. మాకు విసుగొచ్చి, ఆమె లేనప్పుడు మే మే అని అరిచి నవ్వుకునేవాళ్లం.

ఇక ఆ తాండూరు రోజు. కందుల సీజన్. తాండూరు దగ్గర ఒక కొనుగోలు కేంద్రంలో మా ప్రోగ్రామే నడిచేది. రైతుకు టోకెన్ ఇవ్వడం, కందుల్లో తేమ చూడడం, తేమను బట్టి తూకంలో కోత వేయడం అన్నీ దానిమీదే. మా ఆఫీసు నుంచి దాసు అక్కడ కూర్చునేవాడు. దాసుది కోట్‌పల్లి వైపు ఊరు. వాళ్లమ్మ, నాన్న కూలికి పోయేవాళ్లు, నాన్న నడుము పట్టేసి మంచాన పడ్డాక ఇంట్లో దాసు జీతమొక్కటే ఆధారం. మంచి పిల్లాడు, ఒళ్లు దాచుకోడు. అయితే ఒక తప్పు చేశాడు. కేంద్రంలో రోజుకో పంచాయితీ వచ్చేది. ఒకరు పైన ఎండిన కందులు, అడుగున పచ్చివి తెస్తారు. ఒకరి సంచి తడిసి ఉంటుంది, లోపల కందులు మాత్రం గలగలమంటాయి. ఒక్కో గొడవకు ఒక్కో నియమం అనుకుని, అది రైతులతో ఒప్పించి, దాసు అక్కడి కంప్యూటర్లోనే రాసేవాడు. కాని గిట్‌లో చేర్చలేదు. సీజన్ అయ్యాక అన్నీ కలిపి చేరుస్తాలే అనుకున్నాడు. చేర్చని మార్పు ఆ ఒక్క ఫైల్లోనే బతుకుతుంది. ఆ ఫైలు పోతే అదీ పోతుంది.

ఆ పొద్దున నేనూ అక్కా తాండూరు ప్యాసింజర్లో ఉన్నాం. దాసు ఫోన్ చేశాడు. ఓనరు సారు పంపిన కొత్త మార్పులు దించుతుంటే మధ్యలో కరెంటు పోయిందట, బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయిందట. కరెంటు వచ్చాక చూస్తే టోకెన్లు రావడం లేదు, గిట్ తాళం ఉందంటోంది. అక్క ఒక్కటే చెప్పింది, ఏదీ ముట్టకు, మేం వచ్చేదాకా కుర్చీలోంచి లేచి నిలబడు అని. తర్వాత దారంతా కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

మేం వెళ్లేసరికి ట్రాక్టర్లు గేటు దాటి రోడ్డు మీదికి వచ్చేశాయి. రైతులు కిటికీ దగ్గర మూగి దాసును తిడుతున్నారు. ఎప్పటినుంచి నిలబడ్డారో మరి, తిట్టకేం చేస్తారు. వాడు నిజంగానే కంప్యూటరుకు దూరంగా నిలబడి ఉన్నాడు, చొక్కా చెమటకు తడిసిపోయింది. ఓనరు సారు వాడికి అప్పటికే ఫోన్ చేసి, మార్కెట్ పూర్తిగా తెరిచేలోపు నడవకపోతే ఇక ఆఫీసుకు రానక్కర్లేదని చెప్పేశాడట. ఆ సంగతి చెబుతూ దాసు నా ముఖంలోకి చూడలేదు.

అక్క కూర్చోలేదు. చేతులు వెనక్కి కట్టుకుని మెసేజ్ చదివింది. ఫోల్డరు మొత్తాన్ని ఉన్నదున్నట్టు ఒక పెన్‌డ్రైవులోకి కాపీ చేయమంది నన్ను, చెడిపోయింది కూడా చెడిపోయినట్టే దాచాలని ఆమె పద్ధతి. బయట ఒకాయన కిటికీ చువ్వలు కొడుతూ, అమ్మా, మీ కాపీలు తర్వాత, ముందు మా కందులు అని అరిచాడు. ఆమె తిరిగి చూడలేదు. ఇంతలో సారు ఆమెకు ఫోన్ చేశాడు. తాళం తీసిపారేసి అంతా కొత్తగా దించండి, దీనికింత రాద్ధాంతమేంటి అంటున్నాడు. ఊఁ అంటూనే తాళం ఫైలు ఎప్పుడు పుట్టిందో చూసింది. మళ్లీ చూసింది. చెవి దగ్గర ఫోన్ అట్లాగే ఉంది, ముఖం మారిపోయింది.

ఆ తాళం కరెంటు పోయినప్పటిది కాదు. మేం స్టేషన్లో దిగాక పడింది. దాసేమో కుర్చీ కూడా ముట్టలేదు. మరి లోపల ఎవరున్నట్టు? ఏయే పనులు నడుస్తున్నాయో తెరిచి చూసింది. ఒక గిట్ పని బతికే ఉంది, వికారాబాద్ నుంచి వచ్చింది, ఏం మార్చారో సందేశం రాసే కిటికీ తెరమీద తెరుచుకుని ఎవరో రాస్తారని చూస్తూ కూర్చుంది. ఆమె ఫోన్ పట్టుకుని వెనక వరండాలోకి నడిచింది. నేను వెంట వెళ్లాను. దాసు కిటికీ దగ్గర రైతులకు సర్దిచెబుతున్నాడు, వాడికి వినబడదు.

"సార్, లోపట మీరే ఉన్నరు. జర బయటికి రండ్రి," అంది.

ఆయన ఏదో అన్నాడు, ఆమె అడిగింది, మళ్లీ అన్నాడు. తన ఆఫీసునుంచే నెట్ మీద ఆ కంప్యూటర్లోకి వచ్చాడాయన. కరెంటు పోయినప్పుడు మిగిలిన పాత తాళాన్ని ఎవర్నీ అడక్కుండా తీసేశాడు. తేమ కోత ఫైలు తను ఎరగని విధంగా మారి కనబడితే, చెడిపోయిందనుకుని పాత రూపానికి తిప్పేశాడు. మిగతా సగం సగం ఫైళ్లన్నీ ఒక మూటగా కట్టి గిట్‌లో చేర్చబోతూ, సందేశం రాయకముందే మాకు ఫోన్ చేశాడు. దాసు ఇన్నాళ్లూ రైతులతో తిట్లు తిని రాసిందంతా ఆ ఒక్క తిప్పుడుతో పోయింది. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ ఫోన్ లాక్కుని నాలుగు కడిగేద్దామనుకున్నాను. అక్క చెయ్యి అడ్డం పెట్టింది.

ఆయన తగ్గలేదు. చేర్చకపోవడం వాడి తప్పు కాదా అన్నాడు. అదీ నిజమే, అక్కా కాదనలేదు. అయితే వాడు పోవాల్సిందే అన్నాడు. వాడిని తీస్తే ఇక్కడున్న రైతులందరికీ ఏం జరిగిందో, ఎవరి చెయ్యి పడిందో చెప్పి పోతానంది ఆమె. చెప్పినప్పుడు గొంతు పెంచలేదు. ఆయన చాలాసేపు మాట్లాడాడు. నన్ను బెదిరించేవాళ్లను పెట్టుకుని నేను ఆఫీసు నడపలేను, మీ ఇద్దర్లో ఎవరో ఒకరు అన్నాడు చివరికి. ఫోన్ పక్కనే ఉన్నాను, నా చెవులతో విన్నాను.

"అయితే నన్నే రాసుకోండ్రి. సీజన్ అయినంక పోత. పిలగానికి మాత్రం ఎరుక కావొద్దు," అంది.

ఫోన్ పెట్టేసి నావైపు తిరిగింది. నేను అప్పటికే ఏడుస్తున్నాను. ముఖం తుడుచుకోమంది. నువ్వేమీ వినలేదు అంది. దాసుకు తెలిస్తే ఆత్మాభిమానంతో వాడే మానేస్తాడని, అప్పుడు తను పోయీ లాభం లేదని, ఇంటి దగ్గర మంచంలో మనిషి ఉన్నాడని చెప్పింది. నా చేత ఒట్టు వేయించుకుంది. ఆ క్షణంలో ఆమె మీద ఎంత ప్రేమ పొంగిందో అంత కోపమూ వచ్చింది. నన్నెందుకు ఇందులోకి లాగావమ్మా అనిపించింది.

లోపలికి వచ్చాం. సారు ఆ సందేశం కిటికీ మూసుకుని వెళ్లాక తాళం దానంతటదే పోయింది. లోపల ఎవరూ లేరని చూసుకుని అక్క అప్పుడు కూర్చుంది. కొత్త మార్పులు మొదటినుంచి సరిగ్గా దించింది. తేమ ఫైలు తెరిచింది. అందులో దాసు రాసింది ఒక్క ముక్క లేదు. దాసు చూశాడు. కరెంటు పోయినందుకేనా అక్కా అని అడిగాడు. ఎందుకు పోయిందో తర్వాత, ముందు రాద్దాం పట్టు అందామె. నాకు గుర్తు లేదక్కా, ఒక్కరోజు రాసింది కాదు గదా అని వాడు గోడకు ఆనుకుని కిందికి జారి కూర్చున్నాడు. ఇక అయిపోయింది అనుకున్నాను నేను.

అప్పుడామె అడిగిన మాట నా జీవితంలో ఇంకెవరి దగ్గరా వినలేదు.

"లైన్లు యాదికి లేకుంటే పోనియ్యి. లడాయిలు యాదికున్నయా? మొట్టమొదలు ఎవరితోని అయ్యింది?"

దాసు తలెత్తాడు. మొదటి గొడవ తడిసిన సంచిదన్నాడు. ఎవరిది? బషీరాబాద్ వైపునుంచి వచ్చిన పెద్దాయనది. ఏమని ఒప్పుకున్నారు? సంచి తడి వేరు, గింజ తడి వేరు, మూడు చోట్ల గింజ తీసి చూడాలని. ఆమె రాస్తూనే ఉంది. రెండోది ఎవరితో? వాడు ఆలోచిస్తుంటే కిటికీ చువ్వలు కొట్టిన మనిషే అందుకున్నాడు. అడుగున పచ్చి కందులు పెట్టినవని అందరిముంగట నన్నంటివి గదా పిలగా, గా పంచాయితీ మరిచినవా అన్నాడు. అటు వెనకనుంచి ఒకామె, నా కందులకు రెండుసార్లు కోత పడితే నువ్వే దిద్దినవు బిడ్డా అంది. పొద్దుటినుంచి తిడుతున్నవాళ్లే ఒక్కొక్కరూ కిటికీ దగ్గరికి వచ్చి, తాము ఎందుకు కొట్లాడారో, ఏ మాట మీద రాజీపడ్డారో చెప్పడం మొదలుపెట్టారు. తమ తూకం గురించిన మాట ఏ రైతు మరిచిపోతాడు? దాసు లేచి వచ్చి, కాదన్నా, అది రెండోసారి మార్చినం అంటూ సరిచేస్తున్నాడు. ఆమె ఒక్కో నియమం రాయగానే గిట్‌లో చేరుస్తోంది, దాసు పేరు మీదనే చేరుస్తోంది. నేను పాత తూకాలు వేసి సరిచూస్తున్నాను. ఒక్క అంకె తేడా వస్తే ఎవరి కందులో తరిగిపోతాయి.

టోకెన్ మిషన్ నుంచి మొదటి చీటీ వచ్చేసరికి మార్కెట్ నిండిపోయింది. దాసు ఉద్యోగం నిలబడింది. వాడు ఆ రోజు అందరికీ మిర్చీ బజ్జీలు తెప్పించాడు. అక్క రెండు తిని, కారం లేదని వంక పెట్టింది.

సీజన్ అయిపోగానే ఆమె మానేసింది. రోజూ రైళ్లలో తిరగడం చేతకావడం లేదని, ఊరి దగ్గరే ఉంటానని చెప్పింది. కొడంగల్‌లో ఒక ప్రైవేటు కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పుకుంది. దాసుకు అది మింగుడు పడలేదు. ఆఫీసులో అరడజను పనులు సగంలో ఉండగా పోయింది, మనకు నీతులు చెప్పి తనే వాగులో నిలబెట్టి పోయింది అని వాడు అందరితో అనేవాడు. ఆమె మాకు చెప్పిన మాటే తిప్పి ఆమెకు కొట్టేవాడు. నేను పళ్లు కొరుక్కుని ఊరుకునేదాన్ని. ఆమె ఫోన్ చేసినా వాడు ఎత్తడం మానేశాడు. నేను ఆమెకు ఎన్నిసార్లు చెప్పాను, ఇక చెప్పేస్తానక్కా, వాడు నోటికొచ్చినట్టు అంటున్నాడు అని. వాని కొలువు పర్మనెంటయిందా అని అడిగేది. అయిందంటే, మంచిగయింది, అననియ్యి అనేది. ఇంకేం మాట్లాడనిస్తుంది?

అంత్యక్రియలకు నేను పోయేటప్పటికి దాసు వచ్చి ఉన్నాడు. రాడనుకున్నాను. ఎంతైనా పని నేర్పిన మనిషి గదా అన్నాడు, ఏదో దయ చూపినట్టు. అన్నీ అయిపోయాక ఇద్దరం కొడంగల్ బస్టాండుకు నడుచుకుంటూ వచ్చాం. తాండూరు బస్సు కోసం బల్ల మీద కూర్చున్నాం. అప్పుడు మళ్లీ మొదలుపెట్టాడు, అంతా బాగానే ఉండేది, నడుమలో వదిలి పోకుండా ఉంటే అని.

చచ్చినవాళ్ల ఒట్టు బతికున్నవాళ్లు ఎంతకాలం మోయాలి? నేను చెప్పేశాను. వరండాలో విన్నదంతా, ఫోన్లో సారు అన్నది, ఆమె అన్నది, ఒక్క మాట దాచకుండా చెప్పాను. తాండూరు బస్సు వచ్చింది, కండక్టరు పిలిచాడు, వాడు లేవలేదు. బస్సు వెళ్లిపోయింది.

"నా పెండ్లికి ఆమెను పిలువలే," అన్నాడు చివరికి.

నాకు తెలుసు. పెళ్లినాటి సాయంత్రం ఆమె నాకు ఫోన్ చేసి, పిల్ల ఎట్లుంది, దాసు మొగులైన ముఖం పెట్టుకున్నడా, నవ్విండా అని అడిగింది. అదొక్కటి మాత్రం వాడికి చెప్పలేకపోయాను.